ఓర్పు పాఠం ఎవరికి? రోము చక్రవర్తులు, స్టోయిక్ తత్వం



ఈ ధర్మనిధి ఉపన్యాసం ఎవరి పేరు మీద జరుగుతోందో, ఆ మాస్టారు జీవితమంతా చరిత్ర చెప్పారు. రోము పాఠం వస్తే రాజుల వరస, యుద్ధాల తేదీలు చెప్పి ఊరుకునేవారు కాదు. ఆ రాజు పన్ను ఎవరి దగ్గర వసూలు చేశాడు, కరువొస్తే ఏం చేశాడు అని అడిగేవారు. ఆయన పేరు మీద మాట్లాడమన్నప్పుడు నేను ఈ విషయం ఎంచుకోవడానికి కారణం అదే. రోము చక్రవర్తుల్లో ఒకరిద్దరి చుట్టూ స్టోయిక్ తత్వం ఎలా అల్లుకుందో చెబుతాను. ఆ కాలంలోనే మన గడ్డ మీద రాజుకూ తాత్వికుడికీ మధ్య నడిచిన మాటలు కూడా చెబుతాను.

స్టోయిక్ తత్వానికి ఈ మధ్య మళ్లీ రోజులొచ్చాయి. ఫోను తెరిస్తే మార్కస్ ఆరీలియస్ పాలరాతి బొమ్మ కనిపిస్తుంది. దాని కింద ఓర్చుకో, పట్టించుకోకు, నీ చేతిలో లేనిదాన్ని వదిలెయ్ అనే అర్థం వచ్చే మాటలు ఉంటాయి. ఉద్యోగం రానివాడికి, వచ్చిన ఉద్యోగంలో నలిగిపోతున్నవాడికి, అప్పుల్లో ఉన్నవాడికి అవే మాటలు. కొందరికి వాటివల్ల ఊరట దొరుకుతుంది, దాన్ని నేను కాదనను. కానీ ఆ తత్వం అంతేనని అనుకోవడం పెద్ద పొరపాటు. ఆ మాటల వెనకున్న పుస్తకం రాసిన మార్కస్ కష్టంలో ఉన్న ప్రజలకు ఓర్పు బోధించలేదు. ఆనాటి ప్రపంచంలో అందరికంటే ఎక్కువ అధికారం చేతిలో ఉన్న మనిషి, ఆ అధికారం తనను పాడుచేయకుండా తన మీద తాను కాపలా పెట్టుకున్నాడు. ఓర్పు పాఠం మొదట అధికారం ఉన్నవాడికి. ఈ సాయంత్రం నేను నిలబెట్టాలనుకుంటున్న మాట ఇదే.

వరదతో మొదలుపెడతాను. కోనసీమలో వరద గురించి ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు.

మార్కస్ ఆరీలియస్ 121లో రోములో పుట్టాడు. 161 మార్చిలో, దత్తత తండ్రి ఆంటొనైనస్ పయస్ చనిపోయాక చక్రవర్తి అయ్యాడు. తనతోపాటు దత్తత తమ్ముడు లూసియస్ వీరస్‌ను కూడా సింహాసనం మీద కూర్చోబెట్టాడు. ఒకేసారి ఇద్దరు సరిసమాన చక్రవర్తులు ఉండడం రోముకు అదే మొదటిసారి. పట్టం కట్టుకుని ఎంతోకాలం కాకముందే టైబర్ నది పొంగింది. నగరంలో ఇళ్లు కూలాయి, పశువులు లెక్కలేనన్ని కొట్టుకుపోయాయి, వెనకే తిండి కరువొచ్చింది. ఇద్దరు చక్రవర్తులూ ఆ పని కిందివాళ్లకు వదిలెయ్యకుండా స్వయంగా చూసుకున్నారని పాత చరిత్రకారుడు రాశాడు. ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాడు. మనకు ఆ ఒక్క వాక్యం చాలు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన రోజు, ఏటిగట్లకు గండ్లు పడి లంకలు మునిగిన రాత్రి చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. వరద తీసిన తర్వాతి వారంలో అధికారంలో ఉన్నవాడు ఎక్కడున్నాడన్నది ఎంత పెద్ద ప్రశ్నో వాళ్లకు తెలుసు.

ఆ వరద నుంచి తేరుకునేలోపు తూర్పున పార్థియన్లతో యుద్ధం వచ్చింది. యుద్ధం గెలిచి వచ్చిన సేనలు వెంట ఒక మహమ్మారిని తెచ్చాయి. 165, 166 ప్రాంతాల్లో మొదలైన ఆ రోగం సామ్రాజ్యమంతా ఏళ్ల తరబడి తిరిగింది. అది మశూచి కావచ్చని చాలామంది పండితుల అభిప్రాయం. దాని మధ్యలోనే ఉత్తరాన డాన్యూబ్ నది దాటి జర్మన్ తెగలు వచ్చిపడ్డాయి. ఖజానా ఖాళీ. సేనలకు జీతాలివ్వాలి, రోగంతో సగం ఊళ్లు పడుకుని ఉన్నాయి.

అప్పుడు మార్కస్ చేసిన పనిని నేను ఎన్నిసార్లు చదివినా ఆగి ఆలోచిస్తాను. రాష్ట్రాల మీద కొత్త పన్ను వెయ్యలేదు. ట్రాజన్ చక్రవర్తి కట్టించిన ఫోరంలో అంతఃపురం సామాన్లు వేలానికి పెట్టించాడు. బంగారు పాత్రలు, స్ఫటికపు గిన్నెలు, రాజ్యలాంఛనాలతో ఉన్న పళ్లాలు, భార్య ఫౌస్టీనా కట్టుకునే జరీ పట్టుబట్టలు, హేడ్రియన్ చక్రవర్తి దాచుకున్న రత్నాలు అన్నీ వేలంలోకి వచ్చాయి. రెండు నెలలు నడిచిందట. యుద్ధం అయ్యాక, కొన్నవాళ్లలో ఇష్టమున్నవాళ్లు సామాను తిరిగిచ్చి డబ్బు పట్టుకెళ్లవచ్చన్నాడు. ఇవ్వనివాళ్ల జోలికి పోలేదు. ఈ వివరాలన్నీ ఇచ్చిన గ్రంథాన్ని ప్రతి మాటా నమ్మకూడదని పండితులు హెచ్చరిస్తారు. ఆ హెచ్చరిక సరైనదే. అయితే వేలం సంగతిని యుట్రోపియస్ అనే మరో చరిత్రకారుడు కూడా చెప్పాడు. ఒక గెలుపు తర్వాత సైనికులు బహుమానం కావాలని పట్టుబట్టినప్పుడు ఆయన ఒప్పుకోలేదని కాసియస్ డియో రాశాడు. మామూలు జీతానికి మించి ఇచ్చేది ప్రతి పైసా మీ తల్లిదండ్రుల నెత్తురు పిండి తెచ్చిందే అవుతుందని వాళ్లకు నచ్చజెప్పాడట.

ఈ మనిషి ఇలా ఎలా తయారయ్యాడు? దానికి నాలుగైదు వందల ఏళ్లు వెనక్కి వెళ్లాలి, కానీ తొందరగానే వెళ్లి వద్దాం. క్రీస్తు పూర్వం 300 ప్రాంతంలో సైప్రస్ దీవి నుంచి వచ్చిన జీనో, ఏథెన్స్ సంత వీధి పక్కన బొమ్మలు వేసిన ఒక మండపంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మండపం పేరే ఆ తత్వానికి వచ్చింది. ఆయన తర్వాత గురుపీఠం ఎక్కిన క్లియాంథీస్ రాత్రిళ్లు తోటలకు నీళ్లు తోడి కూలి తెచ్చుకుని, పగలు చదువుకున్నవాడు. వాళ్లు చెప్పిందాంట్లో ముఖ్యమైనవి రెండు. మనిషికి నిజంగా మేలు చేసేది తన గుణం ఒక్కటే, డబ్బు, పదవి, ఆరోగ్యం, చావు ఆ లెక్కలోకి రావు అన్నది మొదటిది. లోకమంతా ఒకే ఊరు, మనుషులందరూ ఆ ఊరివాళ్లే అన్నది రెండోది. గుణాలు నాలుగన్నారు: వివేకం, న్యాయం, ధైర్యం, నిగ్రహం. ఈరోజుల్లో ఫోనుల్లో తిరిగే స్టోయిక్ మాటల్లో ధైర్యం, నిగ్రహం పుష్కలంగా ఉంటాయి. న్యాయం కనిపించదు. నా ఫిర్యాదంతా ఇక్కడే.

రోముకు వచ్చాక ఈ తత్వం రాజుల దగ్గరికి చేరింది. చేరిన మొదటి పెద్ద సందర్భం విషాదంగా ముగిసింది. స్పెయిన్‌లోని కార్డుబా నుంచి వచ్చిన సెనెకా, పిల్లవాడైన నీరోకు గురువయ్యాడు. నీరో చక్రవర్తి అయిన కొత్తలో, 55, 56 ప్రాంతంలో, దయ గురించి ఒక గ్రంథం రాసి ఆ కుర్రవాడికే అంకితమిచ్చాడు. రాజు చేతిలో అందరి ప్రాణాలూ ఉన్నాయి కాబట్టి అందరికంటే ఎక్కువ నిగ్రహం రాజుకే కావాలన్నది ఆ పుస్తకం సారం. చాలా గొప్ప మాట. కానీ అప్పటికే నీరో సవతి తమ్ముడు బ్రిటానికస్ విషంతో చనిపోయాడు, చేయించింది నీరోయే అని అందరూ అనుకున్నారు. 59లో నీరో కన్నతల్లిని చంపించినప్పుడు, ఆ పనిని సమర్థిస్తూ సెనేట్‌కు వెళ్లిన ఉత్తరం రాసిపెట్టింది సెనెకాయేనని టాసిటస్ చెబుతాడు. దయ గురించి పుస్తకం రాసిన చెయ్యే ఆ ఉత్తరం కూడా రాసింది. 65లో కుట్ర నెపం మీద నీరో పంపిన ఆజ్ఞకు లోబడి సెనెకా నరాలు కోసుకుని చనిపోయాడు. ధైర్యంగానే చనిపోయాడు. చావులో చూపిన ధైర్యంలో కొంత ఆ ఉత్తరం రాయమన్న రోజున చూపించి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

అదే కాలంలో అలా చూపించినవాళ్లూ ఉన్నారు. ఆ ఉత్తరం సెనేట్‌లో చదివిన రోజున థ్రేసియా పీటస్ లేచి బయటికి నడిచాడు. 66లో ఆయన ప్రాణం కూడా పోయింది. ఆయన అల్లుడు హెల్విడియస్ ప్రిస్కస్, వెస్పేసియన్ ఏలుబడిలో నోరు మూసుకోనందుకు చచ్చాడు. వీళ్లంతా స్టోయిక్ పాఠాలు విన్నవాళ్లు. చక్రవర్తులకు స్టోయిక్కులంటే చాలాకాలం భయంగా, చిరాగ్గా ఉండేదంటే కారణం వాళ్లు ఓర్చుకోవడం కాదు, ఓర్చుకోకపోవడం. డొమీషియన్ చక్రవర్తి తాత్వికులను మొత్తంగా రోము నుంచి తరిమేశాడు. అలా వెళ్లగొట్టబడినవాళ్లలో ఒక కుంటి మనిషి ఉన్నాడు. ఆయన ఒకప్పుడు బానిస.

ఆ మనిషే ఎపిక్టీటస్. ఆయన దగ్గర కాసేపు ఆగుతాను. ఆయన ఇప్పటి టర్కీలో ఉన్న హైరాపొలిస్‌లో 50 ప్రాంతంలో పుట్టాడు. నీరో కార్యదర్శి ఎపఫ్రొడైటస్‌కు బానిసగా రోములో పెరిగాడు. ఆ యజమాని కూడా ఒకప్పటి బానిసే. బానిసగా ఉండగానే మ్యుసోనియస్ రూఫస్ పాఠాలు విన్నాడు, తర్వాత విడుదల పొందాడు. రోము నుంచి తరిమేశాక గ్రీసులో నికోపొలిస్ అనే ఊళ్లో బడి పెట్టుకున్నాడు. ఒక్క ముక్క కూడా రాయలేదు. శిష్యుడు ఏరియన్ ఆ పాఠాలను విన్నది విన్నట్టు రాసుకున్నాడు. ఎనిమిది పుస్తకాల్లో నాలుగు మనకు మిగిలాయి. ఈ ఏరియన్ మనకు ఇంకోలా కూడా తెలుసు. మెగస్తనీస్ రాతలనుంచి, అలెగ్జాండర్ నౌకాధిపతి నియార్కస్ రాతలనుంచి ఏరి భారతదేశం గురించి ఇండికా రాసింది ఆయనే.

నికోపొలిస్ బడికి పెద్ద పెద్ద ఉద్యోగులు కూడా వచ్చేవారు. ఒకరోజు ఒక అధికారి వచ్చాడు. మాటల్లో పిల్లల సంగతి వచ్చింది. తన చిన్నకూతురికి జబ్బు చేసినప్పుడు చూసి తట్టుకోలేక ఇంట్లోంచి వెళ్లిపోయాననీ, తగ్గిందని కబురు వచ్చాకే తిరిగొచ్చాననీ, అది ప్రేమ వల్లేననీ చెప్పాడు. ఎపిక్టీటస్ కోప్పడలేదు. ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ వెళ్లాడు. బిడ్డ తల్లికి ప్రేమ లేదా? ఉంది. మరి ఆవిడ కూడా వెళ్లిపోవాల్సిందా? కాదు. దాదికి ప్రేమ లేదా? ఆవిడ వెళ్లిపోవచ్చా? ఆ పిల్లను ప్రేమించేవాళ్లంతా ప్రేమకొద్దీ వెళ్లిపోతే చివరికి ఆ పిల్ల ఎవరి చేతుల్లో ఉండేది? రేపు నువ్వు మంచాన పడితే నీవాళ్లు నిన్ను ఇలాగే ప్రేమించాలని కోరుకుంటావా? ఆ అధికారి దగ్గర జవాబు లేదు. నన్నడిగితే స్టోయిక్ తత్వం గుండెను రాయి చేసుకోమంటుందనే అపోహకు ఈ ఒక్క సంభాషణ చాలు. బాధ పడొద్దని ఎపిక్టీటస్ అనలేదు. నీ బాధను సాకుగా పెట్టుకుని, నీ అవసరం ఉన్నచోటు నుంచి పారిపోవద్దన్నాడు. ఆ ప్రశ్నలు ఆయన అడిగింది ఒక పాలకుణ్ణి.

ఆయన ఇంట్లో ఒక ఇనుప దీపం ఉండేది. దొంగ ఎత్తుకుపోతే మట్టిప్రమిద తెచ్చుకున్నాడు. ఆయన పోయాక ఒకాయన ఆ మట్టిప్రమిదను మూడు వేల ద్రాక్మాలకు కొన్నాడట, దాని వెలుగులో చదివితే ఎపిక్టీటస్ జ్ఞానం వస్తుందని. ఆ సంగతి రాసింది లూషియన్. ఈనాడు స్టోయిక్ బొమ్మలున్న చొక్కాలు, కప్పులు కొనే కుర్రవాళ్లను చూస్తే ఆ ప్రమిద గుర్తొస్తుంది. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఆ డబ్బుకు ఎపిక్టీటస్ పాఠాల పుస్తకమే వస్తుందని మాత్రం చెబుతాను.

ఈ పాఠాల ప్రతి ఒకటి జూనియస్ రస్టికస్ అనే రోమన్ పెద్దమనిషి ఇంట్లో ఉంది. ఆయన తన శిష్యుడు మార్కస్‌కు దాన్ని ఇచ్చాడు. బానిస చెప్పిన పాఠం చక్రవర్తి చేతికి అలా చేరింది. ఎంత మేలు జరిగిందో మార్కస్ మరిచిపోలేదు. తన పుస్తకం మొదటి భాగమంతా ఆయన రుణాల పట్టీయే. తాత నుంచి ఏం నేర్చుకున్నాడు, తల్లి నుంచి ఏం, తనను పెంచిన ఆయా మనుషుల నుంచి ఏం, ఒక్కొక్కరి పేరూ చెప్పి రాసుకున్నాడు. రస్టికస్ పేరు దగ్గర ఆ పుస్తకం ఇచ్చిన సంగతి ప్రత్యేకంగా రాశాడు.

ఆ పుస్తకాన్ని ఆయన ఎవరికోసమూ రాయలేదు. లాటిన్ మాట్లాడే చక్రవర్తి గ్రీకులో, తనకోసం, యుద్ధ శిబిరాల్లో రాసుకున్నాడు. మొదటి రెండు భాగాల దగ్గర స్థలాలు కూడా ఉన్నాయి. ఒకటి క్వాడీ తెగవాళ్ల దేశంలో గ్రాన్ నది ఒడ్డున, రెండోది డాన్యూబ్ మీది కార్నంటమ్ దగ్గర. మొత్తం పన్నెండు భాగాలు. చదువుతుంటే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. ఆయన భయం చావు గురించి కాదు. తాను సీజర్‌గా మారిపోతానేమో, ఆ ఊదారంగు బట్ట తన ఒంట్లోకి ఇంకిపోతుందేమో అన్నదే భయం. ఆ రాజవస్త్రం ఎంతో గొప్పదని లోకం అనుకుంటుంటే, ఆయన దాన్ని గొర్రెబొచ్చుగా, ఒక జాతి నత్తగుల్ల నెత్తురుతో అద్దిన రంగుగా చూడడం నేర్చుకుంటాడు. పొద్దున్నే లేవడానికి బద్ధకించినప్పుడు మనిషి పని కోసం పుట్టానని గుర్తు చేసుకుంటాడు. ఇంకో చోట, చేసిన పనిలోనే కాదు, చేయకుండా వదిలేసిన పనిలో కూడా అన్యాయం ఉండవచ్చని రాసుకున్నాడు. తొమ్మిదో భాగంలో వచ్చే ఈ ఆలోచన నాకు పుస్తకం మొత్తానికి గుండెకాయలా కనిపిస్తుంది. ఫైలు మీద సంతకం పెట్టకుండా పక్కన పెట్టే ప్రతి అధికారికీ ఇది తగులుతుంది.

ఆయన చేసినవి మరికొన్ని చెప్పి మన ఊళ్ల వైపు వస్తాను. 175లో అవిడియస్ కాసియస్ అనే సేనాపతి, మార్కస్ చనిపోయాడని వచ్చిన పుకారు నమ్మి తానే చక్రవర్తినన్నాడు. మూడు నెలల్లో అతని సైనికులే అతన్ని చంపి తల తెచ్చారు. మార్కస్ ఆ తల చూడనన్నాడు. అతనితో ఎవరెవరు ఉత్తరాలు నడిపారో తెలియజెప్పే కాగితాలు చదవకుండానే తగలబెట్టించాడని చెబుతారు. 178లో ఖజానాకు జనం పడిన 45 ఏళ్ల బకాయిలన్నీ రద్దు చేసి, ఆ పత్రాలను ఫోరంలో కాల్పించాడు. ఆ రోజుల్లోనే ఆసియాలోని స్మిర్నా నగరం భూకంపంలో నేలమట్టమైంది. ఆ ఊరి వక్త ఏలియస్ అరిస్టైడీస్ రాసిన ఉత్తరం చదువుతూ మార్కస్ కన్నీళ్లు పెట్టుకున్నాడని చెబుతారు. నగరం తిరిగి కట్టడానికి డబ్బు మంజూరైంది. కన్నీరు పెట్టుకున్న స్టోయిక్ ఆయన.

ఈ రాజుల కాలంలో మన తీరం ఖాళీగా లేదు. రోము బంగారం ఏటా భారతదేశానికి తరలిపోతోందని, ఆ లెక్క 5 కోట్ల సెస్టర్షియాలని పెద్ద ప్లినీ మొత్తుకున్నాడు. అదే ప్లినీ గ్రంథంలో ఆంధ్రుల ప్రస్తావన ఉంది: ప్రాకారాలున్న 30 పట్టణాలు, లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు. ఎర్ర సముద్ర వ్యాపార దర్శిని రాసిన పేరు తెలియని నావికుడు మసాలియా అన్న పేరుతో మన తీరాన్ని చెబుతూ ఇక్కడ సన్నని నూలు బట్టలు విరివిగా నేస్తారని రాశాడు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాప స్తంభాల ఓడ ఉంది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుకలు తగిలాయి. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, ముంతలో రోము బంగారు నాణేలు. పాపం, వాటి విలువ తెలియక పాత బంగారం కింద అమ్మేశాడు. చాలావరకు కరిగిపోయాయి. ముప్ఫైకి పైగా మాత్రం దక్కాయి. వాటి మీద ట్రాజన్, హేడ్రియన్, ఫౌస్టీనా పేర్లున్నాయి. ఫౌస్టీనా పేరు మార్కస్ అత్తగారిదీ, భార్యదీ కూడా. మన రైతు చేతిలో ఆ ఇంటి ఆడవాళ్ల ముఖం పడిందన్నమాట.

బంగారంతోపాటు తత్వం కూడా ఓడలెక్కి వచ్చిందని నేను అనడం లేదు. అలా చెప్పేవాళ్లున్నారు, దానికి ఆధారం లేదు. నా మాట వేరు. దాదాపు అదే కాలంలో, అదే ప్రశ్న ఇక్కడ కూడా పుట్టింది. ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాసినవిగా సంప్రదాయం చెప్పే గ్రంథాలు రెండున్నాయి: సుహృల్లేఖ, రత్నావళి. ఏ శాతవాహనుడికన్నది పండితుల్లో తేలలేదు. సుహృల్లేఖ సంస్కృత మూలం మనకు దక్కలేదు, టిబెటన్, చైనీస్ అనువాదాల్లో బతికింది. భారతదేశంలో పిల్లలు చదువు మొదట్లోనే ఆ ఉత్తరాన్ని కంఠస్థం చేస్తారని ఏడో శతాబ్దపు చైనా యాత్రికుడు ఇత్సింగ్ రాశాడు. రత్నావళిలో రాజ్యపాలన గురించి చెప్పిన భాగం చూడండి. అక్కడ ఆత్మ, శూన్యత చర్చ కాస్త పక్కకు జరిగి మంగలి, స్నానం, అన్నం, మందు, బట్ట వస్తాయి. ఇవి ఎవరికంటే ఖైదీలకు. విడుదల చేసేదాకా వాళ్లను ఇలా చూసుకోమని రాజుకు చెబుతాడు. దెబ్బతిన్న రైతుకు విత్తనాలు, తిండి ఇవ్వమంటాడు. మునుపటి రాజులు వేసిన భారమైన పన్నులు తీసెయ్యమంటాడు. రోగులను, దిక్కులేనివాళ్లను కనిపెట్టి చూడమంటాడు. రైతును ఓర్చుకోమని ఎక్కడా చెప్పలేదు. ఓర్పు, నిగ్రహం రాజు నేర్చుకోవాలి, రైతుకు విత్తనం చేరాలి.

మన కోనసీమలోనే, మామిడికుదురు మండలం ఆదుర్రులో, వైనతేయ పాయకు దగ్గరగా, చక్రం ఆకారంలో కట్టిన బౌద్ధ స్తూపం ఇటుక పునాదులు ఉన్నాయి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న స్థలం. కొబ్బరితోటల మధ్య ఆ ఇటుకల వరుసలు చూస్తే, ఈ మాటలు విన్న సమాజం మన పొలాల కిందే ఉందని తెలుస్తుంది. విద్యార్థులు అమరావతి, నాగార్జునకొండ వెళ్లేముందు ఆదుర్రు వెళ్లి రావాలని కోరుతున్నాను.

ఇక మార్కస్ మీద రావలసిన ఆక్షేపణలు. వీటిని దాటేస్తే ఈ ఉపన్యాసం భజన అవుతుంది. మాస్టారు ఒప్పుకోరు.

మనుషులంతా ఒక ఊరివాళ్లేనన్న తత్వం బానిసత్వాన్ని రద్దు చెయ్యమని అడగలేదు. బానిసల విడుదల కేసుల్లో మార్కస్ స్వేచ్ఛ వైపే మొగ్గిన తీర్పులున్నాయి, నిజమే. కానీ ఎపిక్టీటస్ పుస్తకం చేతిలో పెట్టుకుని పందొమ్మిదేళ్లు ఏలిన మనిషి ఆ వ్యవస్థను తాకలేదు. మన అగ్రహారాల్లో అందరిలో ఒకే పరమాత్మ ఉన్నాడని చదివి, మాలపల్లె బావిని వేరుగా ఉంచినవాళ్లకు ఈ వైరుధ్యం కొత్త కాదు. మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న గారి తరం ఆ వేరు బావుల మధ్యనే పెరిగి కలం పట్టింది. ఒక గొప్ప సిద్ధాంతం నోట్లో ఉన్నంత మాత్రాన బావి తెరుచుకోదు.

ఇంకోటి మరీ బాధపెట్టేది. 165 ప్రాంతంలో రోములో జస్టిన్ అనే క్రైస్తవ పండితుణ్ణి, ఆయన తోటివాళ్లను విచారించి, దేవతలకు బలి ఇవ్వనన్నందుకు మరణశిక్ష వేసిన నగరాధికారి ఎవరో కాదు, జూనియస్ రస్టికస్. మార్కస్‌కు ఎపిక్టీటస్ పుస్తకం ఇచ్చిన ఆ రస్టికసే. జస్టిన్ కూడా తాత్వికుల అంగీ తొడుక్కుని తిరిగినవాడు. ఒక తాత్వికుడు ఇంకో తాత్వికుడి తల తీయించాడు. ఆ రస్టికస్ అంత చదివీ, ఎదుటివాడి మనస్సాక్షి కూడా తన మనస్సాక్షి లాంటిదేనని గుర్తించలేకపోయాడు. 177లో లియాన్ నగరంలో క్రైస్తవులను మృగాలకు వేసినప్పుడు సింహాసనం మీద ఉన్నది మార్కసే.

చివరిది వారసత్వం. అంతకు ముందు చక్రవర్తులు నలుగురు సమర్థుణ్ణి చూసి దత్తత చేసుకుని రాజ్యం అప్పగించారు. వాళ్లకు బతికి ఉన్న కొడుకులు లేరు. మార్కస్‌కు కొడుకు మిగిలాడు. పద్నాలుగు మంది దాకా పుట్టిన సంతానంలో సగానికి పైగా పోయి, బతికిన మగపిల్లవాడు కమోడస్ ఒక్కడే. 180 మార్చి 17న మార్కస్ సైనిక శిబిరంలో కన్నుమూసేసరికి కమోడస్‌కు పద్దెనిమిదేళ్లు. పన్నెండేళ్లు విచ్చలవిడిగా ఏలి, 192 చివరి రోజున తన దగ్గరి మల్లుడి చేతిలోనే చచ్చాడు. మార్కస్ తన మీద తాను పెట్టుకున్న కాపలా ఆయన శరీరంతోనే పోయింది. కొడుకు మీద కాపలా పెట్టే చట్టం గానీ సభ గానీ మిగల్లేదు.

నేను స్టోయిక్ తత్వాన్ని ఎంత ప్రేమించినా, ఇక్కడ దాని చెయ్యి పట్టుకుని నడవలేను. రాజు మంచివాడైతే చాలన్న ఆశ మీద ఊరు బతకదు. మంచితనం కాగితం మీదికి రావాలి, హక్కుగా మారాలి. కోనసీమ రైతులు 2011 ఖరీఫ్‌లో పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టినప్పుడు, ఓర్పు లేనివాళ్లని వాళ్లను నిందించిన పెద్దలున్నారు. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కొబ్బరిచెట్లను వేర్లతో పెకలించాక, మళ్లీ మొక్క నాటి కాపు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసిన మనుషులు వాళ్లు. వాళ్లకు ఓర్పు నేర్పడానికి మార్కస్ ఆరీలియస్ అక్కర్లేదు. గిట్టుబాటు ధర, మురుగుకాల్వల పూడిక గురించి వాళ్లు అడిగినప్పుడు వినడానికి ఓపిక లేనిది ఇటు కుర్చీలో ఉన్నవాళ్లకు. థ్రేసియా సెనేట్ నుంచి నడిచి వెళ్లినట్టు వాళ్లు పొలం నుంచి నడిచి వెళ్లారు. అది కూడా స్టోయిక్ పనేనని నా ఉద్దేశం.

కాగితం మీదికి వచ్చిన హక్కు కూడా ఎక్కడ ఆగిపోతుందో చూడండి. 2022 జూలై వరద తర్వాత లంక పొలాలన్నీ బురద. ఇక్కడ చాలా పొలాలు సాగుచేసేది కౌలు రైతు. విత్తనం, ఎరువు, కూలి అన్నీ ఆయనవే, మునిగేదీ ఆయన పెట్టుబడే. నష్టం రాయడానికి వస్తే పాసు పుస్తకం ఆసామి పేరు మీద ఉంటుంది. కౌలు రైతుకు గుర్తింపు ఇవ్వడానికి మన రాష్ట్రంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలలకు హక్కు పత్రం ఇస్తారు, భూమి హక్కుకు దానివల్ల ఏ ఇబ్బందీ రాదని చట్టంలోనే రాశారు. కానీ ఆ పత్రానికి భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలి. పొలం పోతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. కౌలు రైతు గట్టిగా అడగలేడు, అడిగితే వచ్చే ఏడు పొలం వేరేవాళ్లకు పోతుందని భయం. ఒకరి భయానికి ఆధారం లేదు, ఇంకొకరి భయానికి ఉంది. చేయకుండా వదిలేసిన పనిలోని అన్యాయం గురించి మార్కస్ రాసుకున్నది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

ఈ సభలో పొలాలు కౌలుకిచ్చిన ఆసాములు చాలామంది ఉన్నారు. మీలో కొందరు మాస్టారి శిష్యులు. మీ పొలం చేసే మనిషి పేరు మీకు తెలుసు, ఆయన పెట్టుబడి ఎంతో తెలుసు. సార్వా నాట్లు పడకముందే ఆ కాగితం మీద సంతకం పెట్టండి. ఎలా పెట్టాలో, ఎక్కడ ఇవ్వాలో తెలియనివాళ్లు సభ అయ్యాక ఉండండి, ఆ ఫారాలు నింపడం తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు.